వాటర్ పార్కుల్లో ఎత్తు గీత: 104, 118 సెం.మీ. పిల్లలు ఏవి ఎక్కొచ్చు, ఏవి వద్దు?

హన్మకొండ_అక్క
సెలవులు అయిపోయేలోపు పిల్లలను హైదరాబాద్ వాటర్ పార్కుకు తీస్కపోదామనుకుంటున్నం. పాపకు ఏడున్నర ఏండ్లు, 118 సెం.మీ. బాబుకు 5 నిండినయి, 104 సెం.మీ. ఒక్కో పార్కు ఒక్కో లెక్క రాస్తున్నది. ఒకదాంట్ల 90, ఇంకోదాంట్ల 107, మరోదాంట్ల 120, 122, పెద్ద రైడ్లకు 140. కొన్నింటికి పెద్దోళ్లు తోడుంటే పంపిస్తం అని ఉన్నది, కొన్నింటికి ఆ మాటే లేదు.

తెలిసినోళ్లు జర చెప్పండి. ఈ ఎత్తుకు ఏమేం ఎక్కొచ్చు? పాపకు 2 సెంటీమీటర్లే తక్కువ గదా, గేటు కాడ వదిలేస్తరా? బాబును వాళ్ల నాన్న ఒళ్లో కూసోబెట్టుకొని జారొచ్చా?

స్లైడ్_మిస్త్రీ (కాజీపేట)
అక్కా, ముందు ఆ నంబర్లు ఎక్కడినుంచి వచ్చినయో చెప్తా, గందరగోళం సగం పోతది.

పెద్ద స్లైడ్ల తయారీదారులు ఎక్కువగా కెనడా, టర్కీ, అమెరికా వాళ్లు. వాళ్ల గీతలు అంగుళాలతో మొదలైనయి: 36, 42, 48, 54. సెంటీమీటర్లకు మారిస్తే 91, 107, 122, 137. మన దగ్గర కొన్ని పార్కులు వాటిని ఉన్నదున్నట్టు రాసినయి, కొన్ని 90, 110, 120, 140 అని రౌండ్ చేసుకున్నయి. అందుకే సరిగ్గా 120 ఉన్న పాపను ఒక పార్కు ఎక్కిస్తది, 48 అంగుళాల లెక్క పెట్టుకున్న పార్కు ఎక్కించదు. 48 అంగుళాలంటే 121.9 సెం.మీ. గద.

ప్రతి స్లైడ్‌కు ఎవరు ఎక్కాలె, ఎట్ల కూసోవాలె, ఎంత బరువు దాటొద్దు అనేది తయారుచేసినోళ్లే రాసిస్తరు. అమెరికాల ఏఎస్‌టీఎం ఎఫ్2376, యూరప్‌ల ఈఎన్ 1069 అని వాటర్ స్లైడ్లకు ప్రత్యేకంగా ప్రమాణాలున్నయి. పార్కు ఆ గీతను పైకి జరుపుకోవచ్చు, కిందికి జరపొద్దు. కాబట్టి ఒకే రకం స్లైడ్‌కు రెండు పార్కులల్ల రెండు గీతలు కనిపిస్తే తక్కువ ఉన్నదాన్ని పట్టుకొని ఎక్కువ ఉన్నదాని కాడ వాదించొద్దు.

రఫ్‌గా లెక్క ఇది. 91 కిందివాళ్లకు మోకాలు లోతు నీళ్లు, పుట్టగొడుగు ఫౌంటెన్లు, ఏనుగు తొండం లాంటి బుల్లి జారుడుబల్లలు, అంతే. 91 నుంచి 107 దాకా, పెద్దవాళ్లు తోడుంటే కొన్ని ఫ్యామిలీ తెప్పలు, లేజీ రివర్ (నెమ్మదిగ పారే నీళ్ల కాలువ). 107 దాటితే చాలా ట్యూబ్ స్లైడ్లు (గాలి ట్యూబ్‌ల కూసొని జారేవి), కొన్ని మ్యాట్ స్లైడ్లు (చాప మీద పడుకొని జారేవి). ట్యూబ్ లేకుండ ఒంటి మీద జారే మూసిన గొట్టాలు, బూమరాంగ్ (ఎదురు గోడ మీదికి ఎక్కి వెనక్కి జారేది), గిన్నెలాగ తిరిగి కింద పడేసేవి అయితే 120 లేదా 122 దాటాలె. నిట్టనిలువుగా పడేసేవాటికి 122 నుంచి 140 దాకా ఏదైనా ఉండొచ్చు.

మంచిర్యాల_నాన్న
ఇదంతా సరే గానీ 118కీ 120కీ తేడా ఏముంటది? వేలెడు కూడా లేదు. పాప జుట్టు పైకి ముడేసి, మందం చెప్పులు వేసి నిలబెడితే అయిపాయె. అందరూ చేసేదే.

ఈత_కోచ్_వరంగల్
అన్నా, ఆ చెప్పులు పైన స్లైడ్ దగ్గర విప్పిస్తారు. చాలాచోట్ల మెట్ల కింద ఒకసారి, పైన ఇంకోసారి కొలుస్తారు. ముడి మీద కొలకర్ర ఆనించి నొక్కితే అణిగిపోతుంది. పట్టుబడతామా లేదా అన్నది అసలు విషయం కాదు. కింద పూల్‌లో ఏమవుతుందో చూడండి.

ఈ వయసు పిల్లలకు నడినెత్తి నుంచి గడ్డం దాకా దాదాపు 18 నుంచి 20 సెం.మీ. ఉంటుంది. 104 ఉన్న బాబు నిటారుగా నిలబడితే గడ్డం నేల నుంచి సుమారు 85 దగ్గర. 118 ఉన్న పాప గడ్డం 98, 100 దగ్గర. స్లైడ్ చివర పూల్ లోతు చాలాచోట్ల 90 నుంచి 110 సెం.మీ. మధ్య ఉంటుంది. అంటే 90 లోతు పూల్‌లో కూడా బాబు నోరు నీళ్లలోనే. 105 లోతు ఉంటే పాప నోరు కూడా మునుగుతుంది, మునివేళ్ల మీద లేవాల్సిందే.

పైగా ఇది నిటారుగా, ప్రశాంతంగా నిలబడితే లెక్క. స్లైడ్ నుంచి వచ్చే పిల్ల నిలబడి దిగదు. వెల్లకిలా వచ్చి పడుతుంది, ముక్కులోకి నీళ్లు పోతాయి, కళ్లు మూసుకుపోతాయి, గొట్టం నోటి దగ్గర నీళ్లు వెనక నుంచి తోస్తూ ఉంటాయి. పైకి ఎటో కిందికి ఎటో రెండు మూడు సెకన్లు తెలియదు. ఆ సమయంలో కాళ్లు నేలకు ఆని, నోరు నీటి పైన ఉండాలి. ఆ గీత పెట్టింది దీనికోసం. రెండు సెంటీమీటర్లు ఒడ్డున చిన్నవే, గడ్డం దగ్గర చిన్నవి కావు.

మునుగుతున్న పిల్లలు అరవరు కూడా. నోరు నీటి పైకి వచ్చిన కాస్త వ్యవధిలో గాలి పీల్చుకోవడానికే సరిపోతుంది. చేతులు పక్కలకు చాపి నీటిని కిందికి నొక్కుతుంటారు, దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది.

స్లైడ్_మిస్త్రీ (కాజీపేట)
కోచ్ గారు కింది సంగతి చెప్పిన్రు. గొట్టం లోపలి సంగతి నేను చెప్తా.

ఒంటి మీద జారే గొట్టం లోపలి వ్యాసం మామూలుగా 32 అంగుళాలు, అంటే 80 సెం.మీ. కాస్త పైన. పెద్దమనిషి అందులో పడుకుంటే ఒళ్లు నీళ్లకు అడ్డంపడ్తది, వెనక నీళ్లు నిండి ముందుకు తోస్తయి. చిన్న పిల్ల పడుకుంటే నీళ్లు రెండు పక్కల నుంచి జారిపోతయి, తోసే నీళ్లే ఉండవు. మలుపు కాడ, వాలు తగ్గిన కాడ ఆగిపోతది. లోపల చీకటి. భయపడి లేచి నిలబడ్తది. పైనున్నోళ్లకు అది కనిపించదు. లెక్క ప్రకారం టైం అయిందని తర్వాతి మనిషిని వదిలితే 70 కిలోల మనిషి రెండు కాళ్లు ముందుకు పెట్టి వచ్చి గుద్దుతడు. పిల్లలకు గొట్టంల దెబ్బలు తగిలే దారులల్ల ఇది ముఖ్యమైంది.

అందుకే మంచి పార్కుల్ల ముందు పోయినోళ్లు కింద పూల్ నుంచి బయటికి వచ్చినంకనే, కిందోళ్లు చెయ్యి ఊపినంకనే పైనోళ్లు వదుల్తరు. వాచీ చూసుకొని వదలరు.

పాపకు ముందే నేర్పాల్సింది: వెల్లకిలా పడుకోవాలె, కాళ్లు ముందు, మడమల కాడ ఒకదానిమీద ఒకటి, చేతులు రొమ్ము మీద కట్టుకోవాలె, గడ్డం రొమ్ము వైపు వంచాలె. లేచి కూసుంటే వేగం తగ్గిపోతది. ఆగిపోతే నిలబడొద్దు, వెనక్కి పాకొద్దు, అరచేతులతో పక్క గోడలను నెట్టుకుంట ముందుకే జరగాలె. కింద పడంగనే గొట్టం నోటి ముందు నిలబడకుండ పక్కకు రావాలె.

హన్మకొండ_అక్క
ఇంత సంగతి ఉన్నదని తెల్వదు. మరి ఒళ్లో కూసోబెట్టుకొని జారుడు?

పిల్లల_డాక్టర్ (కరీంనగర్)
వద్దమ్మా. పార్కులోనే కాదు, కాలనీ జారుడుబల్ల మీద కూడా వద్దు.

చిన్న పిల్లలకు జారుడుబల్లల మీద మోకాలి కింది ఎముక విరగడం పిల్లల వైద్యులకు బాగా తెలిసిన గాయం. పిల్లవాడు ఒక్కడే జారుతూ పాదం పక్కగోడకు తగిలితే ఆగిపోతాడు, అంతే. పెద్దవాళ్ల ఒళ్లో ఉంటే పాదం ఇరుక్కున్నా వెనకున్న బరువు ఆగదు. కాలు మెలితిరిగి ఎముక విరుగుతుంది. పెద్దవాళ్లు గట్టిగా పట్టుకున్నకొద్దీ మెలి ఎక్కువవుతుంది. వాటర్ స్లైడ్‌లో వేగం ఇంకా ఎక్కువ, పైగా కింద పూల్‌లో పడేటప్పుడు తండ్రి బరువు బాబు మీద పడుతుంది.

తోడు ఉండొచ్చు అని బోర్డు మీద రాసి ఉంటే దాని అర్థం విడివిడి సీట్లున్న రెండు సీట్ల ట్యూబ్, లేదా గుండ్రటి ఫ్యామిలీ తెప్ప. ఒడి అని కాదు.

ఇక ఎత్తు, వయసు గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో మధ్యస్థ ఎత్తులు ఇవి: మూడేళ్లకు బాబు 96, పాప 95. నాలుగేళ్లకు 103. ఐదుకు బాబు 110, పాప 109. ఆరుకు 116, 115. ఏడుకు 122, 121. ఎనిమిదికి 127. పదేళ్లకు 138. అంటే 120 గీతను చాలామంది పిల్లలు ఏడేళ్ల దగ్గర దాటుతారు, 140 గీతను పదిన్నర దగ్గర. మీ పిల్లలిద్దరూ మధ్యస్థం కంటే కొంచెం తక్కువ, కానీ మామూలు పరిధిలోనే ఉన్నారు. కంగారు పడే విషయం కాదు. ఐదేళ్ల ఆరోగ్యకరమైన బాబు 101 ఉండొచ్చు, 119 కూడా ఉండొచ్చు. పార్కులు వయసును కాకుండా ఎత్తును పట్టుకోవడానికి ఇదొక కారణం. ఇంకో కారణం, టికెట్ కౌంటర్‌లో వయసు గురించి ఎవరేమైనా చెప్పొచ్చు, కొలకర్ర దగ్గర కుదరదు.

నీటిబొట్టు
డాక్టర్ గారూ, ఇంట్లో కొలిచినదానికీ పార్కులో కొలిచినదానికీ ఎందుకు తేడా వస్తుంది? చాలామంది గొడవ పడేది అక్కడే.

పిల్లల_డాక్టర్ (కరీంనగర్)
రెండు కారణాలు. ఒకటి, మనిషి ఉదయం లేచినప్పుడు కొంచెం పొడుగు. వెన్నుపూసల మధ్య డిస్కులు పగలంతా బరువుకు నొక్కుకుపోయి సాయంత్రానికి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతాం, అందులో ఎక్కువ భాగం లేచిన కొద్ది గంటల్లోనే. తెల్లారి మంచం దిగగానే 120.3 వచ్చిన పాప మధ్యాహ్నం పార్కులో 119.4 రావడంలో వింతేమీ లేదు. ఇంట్లో సాయంత్రం కొలవండి, అదే నమ్మకమైన అంకె.

రెండోది కొలిచే పద్ధతి. మన ఇళ్లలో గోడ అడుగున స్కర్టింగ్ టైల్ ఒక సెంటీమీటరు ముందుకు ఉంటుంది. మడమలు దానికి తగిలి ఆగిపోతాయి, వీపు గోడకు ఆనదు, పిల్ల వెనక్కి వాలి నిలబడుతుంది. స్కర్టింగ్ లేని చోట, తలుపు రెక్కకో బీరువాకో ఆనించి కొలవండి. నేల సమంగా ఉండాలి, ఎగుడుదిగుడు షాబాద్ బండల మీద వద్దు. మడమలు, పిరుదులు, భుజాలు ఆనాలి. చూపు నేరుగా ముందుకు, గడ్డం ఎత్తకూడదు. గడ్డం ఎత్తితే పెరుగుతామని పిల్లలు అనుకుంటారు, నిజానికి తగ్గుతారు. తల మీద పెట్టే పుస్తకం ఒక అంచు గోడకు పూర్తిగా ఆనాలి, లేకపోతే వంకర పోయి సెంటీమీటరు తప్పు వస్తుంది. కుట్టు టేపు వద్దు, పాతబడితే సాగుతుంది. వడ్రంగి స్టీలు టేపుతో నేల నుంచి గీత దాకా కొలవండి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి.

ఆరేళ్ల లోపు పిల్లలకైతే అంగన్‌వాడీ కేంద్రంలో ఎత్తు కొలిచే స్టాండు ఉంటుంది, అడిగితే కొలుస్తారు.

జనగామ_రైడర్
ఇంకోటి. అడుగుల లెక్కలో కూడా తప్పుతరు. నాలుగున్నర అడుగులంటే 4 అడుగుల 6 అంగుళాలు, 137 సెం.మీ. 4 అడుగుల 5 అంగుళాలను కొందరు 4.5 అని రాసుకుంటరు, అది 134.6 మాత్రమే. 140 గీత ముందు నిలబడ్డంక తెలుస్తది. సెంటీమీటర్లలోనే మాట్లాడుకోవడం మంచిది.

పెద్దపల్లి_మేనమామ
టికెట్ కూడా ఎత్తుతోనే అంటున్నరు, నిజమేనా?

జనగామ_రైడర్
రావిర్యాల వండర్‌లాలో అంతే. 85 సెం.మీ. లోపు పిల్లలకు టికెట్ లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. కానీ టికెట్ గీత వేరు, రైడ్ గీత వేరు. పిల్లల టికెట్ తీసుకున్నరు కాబట్టి పిల్లల రైడ్లన్నీ ఎక్కిస్తరని కాదు. ఒక్కో రైడ్ బోర్డు ఒక్కో మాట చెప్తది.

మన దిక్కు నుంచి కారులో పోయేటోళ్లు భువనగిరి దాటినంక ఘట్‌కేసర్‌ల రింగ్ రోడ్డు ఎక్కి, పెద్ద అంబర్‌పేట, బొంగుళూరు మీదుగా రావిర్యాల ఎగ్జిట్ దిగితే సరి. సిటీలోకి పోనక్కర్లేదు.

మంచిర్యాల_నాన్న
కోచ్ గారి లెక్క చూసినంక చెప్పుల మాట వెనక్కి తీసుకుంటున్న. కానీ ఒక ప్రశ్న. మా బాబు 124 ఉంటడు, 20 కిలోలు కూడ లేడు, బక్కపలుచన. ఎత్తు గీత దాటిండు కాబట్టి అన్నీ ఎక్కొచ్చా?

స్లైడ్_మిస్త్రీ (కాజీపేట)
మంచి ప్రశ్న అన్నా. ఎత్తు గీత దాటుడు ఒక అర్హత, అంతే. దాని తర్వాత బరువు, పట్టు, కూసునే తీరు చూడాలె.

అమెరికాల కాన్సస్ సిటీల వెరూక్ట్ అని 51 మీటర్ల ఎత్తున్న వాటర్ స్లైడ్ ఉండె. 2014ల తెరిచిన్రు. దాని ఎత్తు గీత 54 అంగుళాలు. ముగ్గురు కూసునే తెప్ప, మొత్తం బరువు 400 నుంచి 550 పౌండ్లు, అంటే 181 నుంచి 249 కిలోల మధ్య ఉండాలె. 2016 ఆగస్టు 7న ముందు సీట్ల పదేండ్ల పిలగాడు, వెనక ఇద్దరు పెద్దోళ్లు కూసున్నరు. మొత్తం బరువు పరిమితి లోపలే ఉన్నది. కానీ ముందు భాగం తేలిక, వెనక బరువు. రెండో మిట్ట ఎక్కి దిగేటప్పుడు తెప్ప గాల్లోకి లేచి పైన వలను పట్టుకున్న ఇనుప కమ్మీలకు తగిలింది. ఆ పిలగాడు చనిపోయిండు. ఆ స్లైడ్ మళ్లీ తెరవలేదు, 2018ల కూల్చేసిన్రు.

మొత్తం బరువు సరిపోయినా ఎవరు ఎక్కడ కూసున్నరనేది చూడాలె. వంపులు తిరిగే మామూలు ట్యూబ్ స్లైడ్ల మీద సాధారణంగ చిన్నోళ్లు ముందు, పెద్దోళ్లు వెనక. కానీ మధ్యల పైకి లేచే మిట్ట ఉన్న స్లైడ్ అయితే తేలిక పిల్లలను తీస్కపోవద్దు అనేదే నా మాట. ఫ్యామిలీ తెప్పల్ల బరువు అంతా ఒక పక్కకు రాకుండ ఎదురెదురుగా సర్దాలె. నాన్న ఒక దిక్కు, అమ్మ ఎదురుగ, పిల్లలు ఇద్దరి నడుమ చెరో పక్క. ఒకే దిక్కు పెద్దోళ్లు కూసుంటే మలుపు కాడ ఆ దిక్కు గోడ మీదికి ఎక్కుతది.

మీ బాబుకైతే ఒక చిన్న పరీక్ష. కుర్చీల కూసోబెట్టి రెండు చేతులతో పక్క పట్టీలు పట్టుకోమనండి, మీరు కుర్చీని అటూ ఇటూ ఊపండి. పట్టు వదుల్తే లేదా ముందుకు జారితే డబుల్ ట్యూబ్ కూడ వద్దు. వేళ్లు హ్యాండిల్ చుట్టూ తిరిగి బొటనవేలికి అందాలె.

ఓరుగల్లు_ఈత
బట్టల విషయం ఎవరూ చెప్పలేదు. కాటన్ బట్టలు నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, స్లైడ్ మీద రాసుకుని పిల్లల్ని ఆపేస్తాయి. నైలాన్ ఈత దుస్తులు వేయండి. జిప్పు, లోహపు గుండీలు, రివెట్లు ఉన్నవాటిని స్లైడ్ మీద ఒప్పుకోరు, ఫైబర్ పైపూత గీసుకుపోతుంది, ఆ గీత వెనకొచ్చేవాళ్ల చర్మాన్ని కోస్తుంది.

మన పిల్లలకు ప్రత్యేకంగా చూడాల్సినవి మొలతాడు, కాళ్ల పట్టీలు, దిష్టి తాడు, తాయెత్తు, మెడలో గొలుసు. ఫైబర్ ముక్కలను బోల్టులతో కలిపే చోట సన్నటి సందు ఉంటుంది, సిలికాన్ ఊడిపోయిన చోట పట్టీ మువ్వ, మొలతాడు ముడి అందులో చిక్కుకోవచ్చు. మొలతాడు తీయడం ఇష్టం లేకపోతే కనీసం వెండిది తీసి నల్లదారం ఉంచి, దాన్ని బిగుతైన నిక్కరు లోపల పూర్తిగా కప్పండి. పట్టీలు మాత్రం తీసేయాల్సిందే. అమ్మలకు చున్నీ వద్దు.

నీటిబొట్టు
మరి వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల రిసార్టుల్లో, చిన్న వాటర్ పార్కుల్లో కొలకర్రే కనిపించడం లేదు. అక్కడ నిలబడ్డ అబ్బాయి కళ్లతో చూసి పో అంటాడు. ఏం చేయాలి?

ఈత_కోచ్_వరంగల్
అక్కడ కొలకర్ర పని మీరే చేయాలి. పైన చెప్పిన గీతలను మనసులో పెట్టుకోండి, అబ్బాయి పో అన్నంత మాత్రాన పంపకండి. టికెట్ తీసుకునే ముందే ఒక చుట్టు తిరిగి ఇవి చూడండి.

పూల్ గట్టు మీద లోతు అంకె రాసి ఉందా? లేకపోతే మీరే ముందు దిగి మీ ఒంటి మీద ఎంత వరకు వస్తుందో చూసుకోండి. స్లైడ్ పూల్‌లో పిల్లల రొమ్ము దాటి నీళ్లు రాకూడదు. మీ బాబుకు అది 70 సెం.మీ. దగ్గర, పాపకు 80 దగ్గర. పూల్ అడుగున నీళ్లు బయటికి పోయే జాలీ గట్టు మీద నుంచి స్పష్టంగా కనిపించాలి. కనిపించనంత మసకగా ఉంటే మునిగిన పిల్లవాడు కూడా కనిపించడు, అక్కడినుంచి వెనక్కి రండి. జాలీ విరిగినా, ఊడినా పిల్లలను అస్సలు దించకండి. ఆ రంధ్రం లాగే బలానికి పెద్దవాళ్లు కూడా విడిపించలేరు, పొడుగు జుట్టు కూడా అందులో చుట్టుకుంటుంది.

స్లైడ్ కింద ఒక మనిషి, పైన ఒక మనిషి ఉండాలి. పైన మాత్రమే ఉండి కింద లేకపోతే ఎక్కించొద్దు. లైఫ్‌గార్డ్ శిక్షణలో 10/20 అని ఒక లెక్క ఉంది: తన పరిధి మొత్తం 10 సెకన్లలో చూపు తిప్పాలి, ఆపదలో ఉన్నవారిని ఇంకో 20 సెకన్లలో చేరాలి. కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నవాడు ఈ లెక్కలోకి రాడు.

స్లైడ్_మిస్త్రీ (కాజీపేట)
ఇంకొకటి, మన దిక్కు ముఖ్యం. కరెంటు పోతే పంపు ఆగుతది, స్లైడ్ మీద నీళ్లు ఒక్క నిమిషంల కిందికి పోతయి. ఆ టైంల జారితే నడుమల ఆగిపోవుడే గాక, మే నెల ఎండకు కాలిన ఫైబర్ మీద తొడల చర్మం లేస్తది. జనరేటర్ వేసినంక కూడ వెంటనే ఎక్కొద్దు. పై నుంచి కింది దాకా నీళ్లు నిండుగా వచ్చి, ప్రవాహం ఒకే తీరు అయ్యేదాకా ఆగాలె. పిల్లలకు కరెంటు పోయిన సంగతి తెల్వదు, పైన వరుసల నిలబడి ఉంటరు. మీరు కింద నుంచి చూసి ఆపాలె.

హన్మకొండ_అక్క
వేవ్ పూల్ సంగతి? ఇద్దరికీ అదే ఇష్టం.

ఈత_కోచ్_వరంగల్
వేవ్ పూల్‌లో మెట్లు ఎక్కేది లేదు, గీత దగ్గర ఆపేవాళ్లు ఉండరు, అందుకే అది తేలికగా కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దానిమీదే.

ఒడ్డున లోతు సున్నా, లోపలికి పోయినకొద్దీ 1.8 మీటర్ల దాకా ఉండొచ్చు. అల వచ్చినప్పుడు నిలబడ్డ చోట నీటి మట్టం పెరుగుతుంది, వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద నుంచి లోపలికి లాగుతుంది. నడుము లోతులో ఉన్నామనుకున్న పిల్ల మూడు అలల్లో రొమ్ము లోతుకు చేరుతుంది. అలలు కొంతసేపు వచ్చి ఆగుతాయి, మొదలయ్యే ముందు గంటో విజిలో కొడతారు. అది వినగానే అందరూ లోపలికి పరుగెత్తుతారు, చిన్నపిల్లలు ఆ తోపులాటలో పడిపోతారు.

122 దాటని పిల్లలకు లైఫ్ జాకెట్, పక్కన చెయ్యి చాపితే అందే దూరంలో పెద్దమనిషి. ఇది చాలా పార్కుల నియమం. మీ ఇద్దరు పిల్లలూ దీని కిందికే వస్తారు. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి ఉండాలి, ఇద్దరినీ ఒక్కరే చూడలేరు. బాబు మోకాలు లోతు దాటకూడదు, పాప నడుము లోతు దాటకూడదు, అదీ అలలు లేనప్పుడు కొలిచిన లోతు.

జాకెట్ ఎంచుకునేది ఎత్తుతో కాదు, బరువుతో. సుమారు 14 నుంచి 23 కిలోల వాళ్లకు చైల్డ్ సైజు, 23 నుంచి 41 కిలోల వాళ్లకు యూత్ సైజు. పార్కులో అద్దెకిచ్చే కుప్పలో అన్నీ కలిసి ఉంటాయి. వేసి, బకిల్స్ అన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తండి. జాకెట్ పైకి లేచి పిల్ల గడ్డం, చెవులు అందులో దిగిపోతే అది పెద్దది, మార్చండి. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోండి, లేకపోతే నీళ్లలో జాకెట్ తేలుతుంది, పిల్ల దాని నుంచి కిందికి జారుతుంది. జబ్బలకు ఊదే గాలి సంచులు, నడుముకు వేసే బాతు ట్యూబులు బొమ్మలే, రక్షణ కాదు.

జాకెట్ వేసుకుని గొట్టం స్లైడ్ ఎక్కొచ్చా అన్నది మాత్రం బోర్డు చూసుకోండి. కొన్నింటికి ఒప్పుకోరు, జాకెట్ గోడకు రాసుకుని ఆపుతుంది.

పిల్లల_డాక్టర్ (కరీంనగర్)
రెండు వారాల లోపు విరేచనాలైన పిల్లలను తీసుకుపోకండి. క్లోరిన్ తట్టుకునే పరాన్నజీవులు ఉంటాయి, పూల్ అంతా పాకుతాయి. నీళ్లలో ఉన్నా ఎండదెబ్బ తగులుతుంది, దాహం తెలియదు. గంటకోసారి బయటికి తీసి మంచినీళ్లు తాగించండి.

స్లైడ్_మిస్త్రీ (కాజీపేట)
అక్కా, మీ ఇద్దరికి నా ప్లాన్. పొద్దున జనం తక్కువ ఉన్నప్పుడు ఇద్దరితో ఫ్యామిలీ తెప్ప, బోర్డు మీద బాబు ఎత్తుకు తోడుతో అనుమతి ఉంటేనే. 107 గీత ఉన్న డబుల్ ట్యూబ్ పాపతో, పట్టు పరీక్ష పాసయితేనే. బాబుకు పిల్లల కోట, అందులో బుల్లి స్లైడ్లు. అక్కడ పై గీత కూడ ఉంటది, అంతకంటే పొడుగు ఉన్నోళ్లు ఎక్కొద్దని. గొట్టం సన్నగ ఉంటది, పెద్ద పిల్లలు వేగంగ వచ్చి కింద ఉన్న చిన్నోళ్లను గుద్దుతరు, అందుకే. పాపకు అది దాటిపోయిందేమో చూసుకోండి. పగలు లేజీ రివర్, జాకెట్లతో. ఒంటి మీద జారే మూసిన గొట్టం, గిన్నె, బూమరాంగ్ ఈసారి ఇద్దరికీ వద్దు.

ఈ వయసుల పిల్లలు ఏడాదికి 5, 6 సెం.మీ. పెరుగుతరు. పాప వచ్చే ఎండకాలానికి 122 దాటొచ్చు.

పెద్దపల్లి_మేనమామ
కళ్లద్దాలు పెట్టుకునే పిల్లలైతే? మా మేనకోడలు అద్దాలు లేకుంటే బోర్డు కూడా చదవలేదు.

ఓరుగల్లు_ఈత
స్లైడ్ల మీద అద్దాలు ఒప్పుకోరు, ఒప్పుకున్నా పెట్టొద్దు. కింద పడేటప్పుడు ఊడి పూల్ అడుగుకు పోతాయి, ఎవరి కాలికో గుచ్చుకుంటాయి. వేగంగా జారేవాటికి ఈత కళ్లజోడు కూడా వద్దు, నీటి దెబ్బకు ముఖం మీద నొక్కుకుంటుంది. అద్దాలు కింద ఉన్న పెద్దవాళ్లకు ఇచ్చి, పాప పక్కన ఒకరు మెట్లెక్కాలి, బోర్డు చదివి వినిపించాలి. కింద ఇంకొకరు నీళ్ల అంచున, గొట్టం నోటికి పక్కగా నిలబడాలి, ముదురు రంగు చొక్కా వేసుకుని. చూపు మసకగా ఉన్న పిల్ల పూల్‌లోంచి లేవగానే ఎటు రావాలో ఆ రంగును బట్టి తెలుసుకుంటుంది. పైకి ఎక్కే ముందే ఆ రంగు ఎవరిదో చెప్పి పంపండి.